మైక్రోమీటర్ నుంచి పీఎల్‌సీ దాకా: బెజవాడ, గుంటూరు పిల్లల మాన్యుఫాక్చరింగ్ చదువు

విజయవాడ ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగ్ చేసే షాపు ఏదైనా తీసుకోండి, లారీ ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ వచ్చిందంటే అక్కడి మేస్త్రి ముందు మెషిన్ ఆన్ చేయడు, మైక్రోమీటర్ తీస్తాడు. ఒక్కో జర్నల్‌ని, అంటే బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగాన్ని, ఒక చోట కొలిచి వదిలేయడు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, మళ్లీ ఈ చివర ఆ చివర కొలుస్తాడు, ఎందుకంటే జర్నల్ అన్ని వైపులా సమానంగా అరగదు, ఒక పక్క ఎక్కువ అరిగి కోడిగుడ్డు వాటం వస్తుంది, ఒక చివర సన్నబడుద్ది. అన్నిట్లోకి తక్కువ రీడింగ్ చూసుకుని అప్పుడు చెప్తాడు, పది థౌ తీస్తే సరిపోద్దా, ఇరవై థౌకి వెళ్లాలా అని. పది థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, మనం చదివే లెక్కలో సుమారు 0.25 మిల్లీమీటర్. బేరింగ్ షెల్స్ కూడా 0.25, 0.50, 0.75 అండర్‌సైజుల్లో దొరుకుతాయి కాబట్టి మధ్యలో ఎక్కడో ఆపుతా అంటే కుదరదు.

ఇదే పని కాలేజీ మెట్రాలజీ (కొలతల శాస్త్రం) ల్యాబ్‌లో కూడా ఉంటుంది, ఓవాలిటీ, టేపర్ అనే పేర్లతో. కాకపోతే ఆటోనగర్‌లో కొలత తీసిన వెంటనే ఒక నిర్ణయం తీసుకోవాలి, తప్పు తీసుకుంటే క్రాంక్ పోద్ది. ల్యాబ్‌లో కొలత తర్వాత టేబుల్, రిజల్ట్, సార్ సంతకం, అంతటితో అయిపోద్ది. డిప్లొమా, బీటెక్‌లలో మాన్యుఫాక్చరింగ్, ఆటోమేషన్, క్వాలిటీ కంట్రోల్ చదివే పిల్లలకి ఎక్కడ పట్టు దొరకట్లేదో చూడాలంటే ఈ ఒక్క తేడా దగ్గర ఆగితే చాలు.

కోర్సు ఎలా ఉంటుందో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు, సిలబస్ రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు ఎస్‌బీటెట్‌ది, అందులో కంపెనీల్లో చేసే ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కూడా ఉంటుంది. ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, లేదా ఇంటర్ తర్వాత నేరుగా రావచ్చు, కృష్ణా గుంటూరు వైపు అఫిలియేటెడ్ కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉంటాయి. ప్లాస్టిక్స్, మౌల్డ్ తయారీ వైపు ఇష్టం ఉన్నవాళ్లకి విజయవాడ దగ్గర సూరంపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ఉంది. పేర్లు అటూ ఇటూ మారినా సబ్జెక్టులు మాత్రం దాదాపు అవే: వర్క్‌షాప్, మెషిన్ టూల్స్, మెట్రాలజీ, క్యాడ్ క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ), సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్లు), మెకట్రానిక్స్ లేదా పీఎల్‌సీ (మెషిన్లని నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్), స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ (ఎస్‌క్యూసీ). ఒక్కోటి ఒక్కో సెమిస్టర్‌లో, ఒక్కో సార్ చేతిలో, ఒక్కో రికార్డ్ పుస్తకంలో వస్తుంది, అంతే, ఒక సబ్జెక్టు పరీక్ష అయిపోయాక దాన్ని రెండోదానితో ముడిపెట్టే చోటు టైమ్‌టేబుల్‌లో ఎక్కడా ఉండదు. ఫ్యాక్టరీలో ఇవన్నీ ఒకే మెషిన్ దగ్గర, ఒకే షిఫ్ట్‌లో, ఒకే మనిషి చేతిలో జరుగుతాయి: వస్తువు తయారు చెయ్, కొలువు, తేడా చూడు, మెషిన్‌ని సరిచెయ్, మళ్లీ చెయ్. ఈ చక్రంలో కొలత లేకపోతే మిగతాదంతా కళ్లు మూసుకుని చేసే పనే, అందుకే కొలత పట్టుకుని మిగతా సబ్జెక్టుల్లోకి వెళ్దాం.

డ్రాయింగ్ మీద 25 హెచ్7 అని రాసి ఉంది అనుకోండి. దాని అర్థం ఆ రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 21 మైక్రాన్ల వెసులుబాటు, దీన్నే టాలరెన్స్ అంటారు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. దాంట్లో తిరిగే షాఫ్ట్ 25 జీ6 అయితే 24.980 నుంచి 24.993 దాకా, అంటే 13 మైక్రాన్లే. రెండూ కలిపితే మధ్యలో ఖాళీ తక్కువలో తక్కువ 7 మైక్రాన్లు, ఎక్కువలో ఎక్కువ 41. ఈ లెక్క పిల్లలు పరీక్షలో బాగానే చేస్తారు, బొమ్మ కూడా గీస్తారు, అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగరు, ఈ 13 మైక్రాన్లని ఏ పరికరంతో కొలవాలి? ల్యాబ్‌లో చేతికిచ్చే వెర్నియర్ లీస్ట్ కౌంట్, అంటే చదవగలిగే అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటర్, అంటే 20 మైక్రాన్లు, ఆ షాఫ్ట్‌కిచ్చిన మొత్తం టాలరెన్స్ కన్నా దాని ఒక్క గీత పెద్దది. మామూలు మైక్రోమీటర్ 0.01 మిల్లీమీటర్, 10 మైక్రాన్లు, అదీ చాలదు. కొలిచే పరికరం టాలరెన్స్‌లో పదో వంతు దాకా చదవగలగాలనేది షాప్ ఫ్లోర్‌లో పాత నియమం, ఆ ప్రకారం ఇక్కడ కావాల్సింది ఒక మైక్రాన్ చూపించే డిజిటల్ మైక్రోమీటరో, స్లిప్ గేజ్‌లతో, అంటే కచ్చితమైన సైజు దిమ్మెలతో, సెట్ చేసి తేడా చూపించే కంపారేటరో. వెర్నియర్‌తో కొలిచి 24.98 వచ్చింది, ఓకే అని రాసేసిన పిల్లాడు లెక్క తప్పలేదు, ఎంచుకున్న పరికరమే తప్పు, దానికి మార్కులు తీసేసే చోటు రికార్డులో లేదు.

ఇంకోటి, బెజవాడలో ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, అంతర్జాతీయంగా ఒప్పుకున్నది. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం షెడ్డు కింద 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. స్టీల్ ఒక మీటరు పొడవుకి ఒక్క డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుద్ది, అంటే 100 మిల్లీమీటర్ల ముక్క 25 డిగ్రీల తేడాకి దాదాపు 29 మైక్రాన్లు పెరిగినట్టే. అదే 100 మిల్లీమీటర్ల సైజుకి హెచ్7 టాలరెన్స్ మొత్తం 35 మైక్రాన్లు, ఎండ ఒక్కటే అందులో చాలా భాగం తినేస్తుంది. మైక్రోమీటర్ కూడా స్టీలే, అదే వేడిలో ఉంది, రెండూ కలిసే పెరిగాయి అంటే చాలావరకు సర్దుకుంటుంది, నిజమే, కానీ జాబ్ అల్యూమినియం అయితే అది స్టీల్ కన్నా రెట్టింపు వేగంగా పెరుగుద్ది, ఇక సర్దుకోదు. ఇప్పుడే లేత్ మీద నుంచి తీసిన జాబ్ చేతికి వెచ్చగా తగుల్తుంటే దాన్ని కొలిచి రాసుకున్న నంబర్ చల్లారాక అబద్ధం అయిపోద్ది. అందుకే మంచి ఇన్‌స్పెక్షన్ రూముల్లో ఏసీ ఉంటుంది, జాబ్‌ని కాసేపు గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ మీద ఉంచి గది వేడికి వచ్చాకే కొలుస్తారు. ఆ ఏసీ మనుషుల సుఖం కోసం అనుకునే ల్యాబ్‌లలో కరెంటు బిల్లు కోసం దాన్నే ముందు ఆపేస్తారు, మెట్రాలజీ ల్యాబ్‌లో గోడకి ఒక థర్మామీటర్ కూడా లేకపోతే అక్కడ మైక్రాన్ల గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఇప్పుడు సీఎన్‌సీ దగ్గరికి. జీ 00 అంటే వేగంగా వెళ్లడం, జీ 01 అంటే కోస్తూ వెళ్లడం, ఎం 03 అంటే స్పిండిల్ తిప్పడం, ఈ కోడ్లు బట్టీ పట్టించి సిమ్యులేటర్‌లో టూల్ కదిలితే ప్రాక్టికల్ అయిపోయినట్టే చాలా చోట్ల. షాప్ ఫ్లోర్‌లో ఆపరేటర్ రోజంతా ప్రోగ్రామ్ రాయడు, ఆల్రెడీ రాసిందే రన్ అవుతుంటుంది, అతను చూసేది ఆఫ్‌సెట్, అంటే టూల్ స్థానాన్ని కొద్దిగా అటూ ఇటూ జరిపే సంఖ్య. టూల్ కొంచెం కొంచెం అరిగేకొద్దీ షాఫ్ట్ కొంచెం కొంచెం లావెక్కుద్ది, అతను కొలిచి, ఎంత తేడా ఉందో చూసి, ఆఫ్‌సెట్ పేజీలో ఆ కొద్ది సంఖ్య ఎక్కిస్తాడు. మెషిన్ శాస్త్రం, కొలత శాస్త్రం కలిసే చోటు ఇదే.

అయితే ఇక్కడే ఒక పెద్ద పొరపాటు ఉంది, ఇది అర్థమైన పిల్లాడు నిజంగా క్వాలిటీ కంట్రోల్ నేర్చుకున్నట్టు లెక్క. ఏ మెషిన్ అయినా రెండు ముక్కలు అచ్చం ఒకేలా చేయదు, ఏమీ మారకపోయినా ఒకటి 2 మైక్రాన్లు ఎక్కువ, ఇంకోటి 3 తక్కువ వస్తూనే ఉంటాయి. కొత్తగా చేరిన ఆపరేటర్ చాలా శ్రద్ధగా ప్రతి ముక్కా కొలిచి, ఎంత తేడా వస్తే అంత ఆఫ్‌సెట్ వెంటనే మార్చేస్తాడు, 3 తక్కువ వచ్చింది కాబట్టి 3 పెంచు, ఈసారి 2 ఎక్కువ వచ్చింది కాబట్టి 2 తగ్గించు. చూడ్డానికి ఎంతో జాగ్రత్త లాగా ఉంటుంది కానీ గణితం ప్రకారం ఆ చెదురు ఇంకా పెరుగుద్ది, చెదురుని కొలిచే వేరియెన్స్ రెట్టింపు అవుద్ది, దాని వర్గమూలమైన స్టాండర్డ్ డీవియేషన్ (సిగ్మా) లెక్కన సుమారు 41 శాతం ఎక్కువ. ఎందుకంటే ఆ 3 మైక్రాన్ల తేడా ఆ ఒక్క ముక్కకి సంబంధించిన యాదృచ్ఛికం, దాన్ని తర్వాతి ముక్క నెత్తిన కూడా పెడుతున్నాడు. ఎప్పుడు కదిలించాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని ఊరుకోవాలో తెలియాలంటే ఏదో ఒక గీత ఉండాలి.

ఆ గీతే కంట్రోల్ చార్ట్. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో దీన్ని మొదట గీశాడు. ఐదేసి ముక్కలు తీసి సగటు, రేంజ్ (పెద్దదానికీ చిన్నదానికీ తేడా) చూసి, సగటు రేంజ్‌ని ఐదు ముక్కలకి టేబుల్‌లో ఉండే 0.577తో గుణించి పైనా కిందా గీతలు గీయడం, ఇది ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. పైన చెప్పిన 25 జీ6 షాఫ్ట్‌నే తీసుకుందాం. సగటు 24.9865 అనుకోండి, సరిగ్గా టాలరెన్స్ మధ్యలో, సగటు రేంజ్ 6 మైక్రాన్లు. కంట్రోల్ గీతలు దానికి 3.5 మైక్రాన్లు పైన, 3.5 కింద, అంటే 24.983, 24.990. చుక్కలన్నీ గీతల మధ్యే పడుతున్నాయి, చార్ట్ చూస్తే ముచ్చటేస్తుంది, ప్రాసెస్ కంట్రోల్‌లో ఉంది అని రికార్డులో రాసేస్తారు. ఇప్పుడు ఆ 6ని అదే టేబుల్‌లో ఉండే 2.326తో భాగిస్తే స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 2.58 మైక్రాన్లు. టాలరెన్స్ 13ని ఆరు సిగ్మాలతో, అంటే 15.5తో భాగిస్తే సీపీ, అంటే మెషిన్ సామర్థ్యం చూపే సంఖ్య, 0.84 వచ్చింది. కంపెనీలు మామూలుగా అడిగేది 1.33. అంటే ఈ మెషిన్ నిలకడగానే ఉంది, ఎవరూ ఏ తప్పూ చేయట్లేదు, అయినా వెయ్యి షాఫ్ట్‌లు చేస్తే ఒక పన్నెండు దాకా టాలరెన్స్ దాటిపోతాయి, రోజూ దాటుతూనే ఉంటాయి.

కంట్రోల్ గీత అంటే మెషిన్ చెప్పే మాట, స్పెసిఫికేషన్ గీత అంటే కస్టమర్ అడిగే మాట. ఈ రెండింటినీ కలిపేసి ఒకే చార్ట్ మీద గీసేయడం పరీక్ష పేపర్లలోనే కాదు, ఉద్యోగంలో చేరినవాళ్లలో కూడా కనపడే తప్పు. పై ఉదాహరణలో ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు, ఆఫ్‌సెట్ మార్చి లాభం లేదు, మంచి మెషినో, గ్రైండింగ్ ఆపరేషనో, గట్టి ఫిక్చరో కావాలి, లేదంటే డిజైనర్‌తో కూర్చుని ఆ జీ6 నిజంగా అవసరమా అని అడగాలి. మేనేజ్‌మెంట్ తీసుకోవాల్సిన నిర్ణయాన్ని కార్మికుడి నెత్తిన రుద్దకుండా కాపాడేది ఈ చిన్న లెక్కే, అందుకే దీన్ని ఫార్ములాగా మాత్రమే చెప్పి వదిలేస్తే బాధగా ఉంటుంది.

ఈ శాస్త్రం ఎక్కడో అమెరికా, జపాన్‌ల సొత్తు అనుకోనక్కర్లేదు. షూహార్ట్ 1947-48లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద మన దేశం వచ్చి వెళ్లాడు. ఇండస్ట్రీలో టగూచీ పద్ధతి అని అందరూ వాడే దాంట్లో ఆర్థోగొనల్ అరేలు (తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలు పరీక్షించే టేబుళ్లు) ఉంటాయి కదా, వాటి సిద్ధాంతం వేసింది 1940ల్లో సి.ఆర్. రావు గారు, తెలుగాయన, స్కూలు చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో సాగింది, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివారు, 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. నందిగామ నుంచి బస్సెక్కి కాలేజీకి వచ్చే పిల్లాడు ఎస్‌క్యూసీ పుస్తకంలో అలాంటి ఎల్8, ఎల్9 టేబుల్ చూసినప్పుడు ఇది మా ఊళ్లో బడికెళ్లిన మనిషి ఆలోచన అని తెలిస్తే ఆ పేజీ వేరేగా కనపడుద్ది.

ఇక ఆటోమేషన్. పీఎల్‌సీ పుట్టింది కార్ల ఫ్యాక్టరీ బాధ నుంచి. 1968లో జనరల్ మోటార్స్ వాళ్లు, మోడల్ మారినప్పుడల్లా వందల రిలేలు (కరెంట్‌తో పనిచేసే స్విచ్‌లు) పీకి మళ్లీ వైరింగ్ చేయలేక, ప్రోగ్రామ్ మార్చితే సరిపోయే కంట్రోలర్ కావాలని అడిగారు, డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 చేసింది. ఎలక్ట్రీషియన్లకి అలవాటైన రిలే డయాగ్రామ్ లాగే కనపడాలని లాడర్ లాజిక్ పెట్టారు. కాలేజీలో ట్రైనర్ కిట్ మీద స్విచ్ నొక్కితే బల్బు వెలుగుద్ది, టైమర్ అయ్యాక ఇంకో బల్బు వెలుగుద్ది, ట్రాఫిక్ సిగ్నల్ ప్రోగ్రామ్ ఒకటి రాస్తారు. మంచిదే, మొదలు అక్కడే. కానీ కిట్ చెప్పని విషయాలు షాప్ ఫ్లోర్‌లో మొదటి రోజే ఎదురవుతాయి.

ఉదాహరణకి స్టాప్ బటన్. స్టార్ట్ బటన్ నార్మల్లీ ఓపెన్, అంటే నొక్కితేనే కరెంట్ వెళ్తుంది, స్టాప్ బటన్ మాత్రం నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్‌తో వైరింగ్ చేస్తారు, అంటే నొక్కనప్పుడు కూడా దాంట్లోంచి కరెంట్ వెళ్తూనే ఉంటుంది. ఎందుకు? రేపు ఎలక కొరికో, వైబ్రేషన్‌కి స్క్రూ వదులయ్యో ఆ వైరు తెగిందనుకోండి, పీఎల్‌సీకి సిగ్నల్ పోద్ది, అది స్టాప్ నొక్కినట్టే అనుకుని మెషిన్ ఆపేస్తుంది. అదే నార్మల్లీ ఓపెన్ పెట్టి ఉంటే తెగిన వైరు గురించి ఎవరికీ తెలియదు, ఆపద వచ్చి బటన్ నొక్కిన రోజు తెలుస్తుంది, అప్పటికి ఏ వేలో పోయి ఉంటుంది. విచిత్రం ఏంటంటే ఇలా వైరింగ్ చేసిన స్టాప్ బటన్‌ని లాడర్‌లో మామూలు ఓపెన్ కాంటాక్ట్ గుర్తుతో రాయాలి, కిట్ మీద మాత్రమే నేర్చుకున్న పిల్లలు అక్కడ తికమకపడతారు, గుర్తు బట్టీ పట్టారు గానీ కరెంట్ ఎటు పోతుందో చూడలేదు కాబట్టి. ఎమర్జెన్సీ స్టాప్ అయితే ఇంకా గట్టిగా ఉండాలి, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా సరే, నేరుగా వైరింగ్‌లోనే పవర్ తెంపేలా ఉండాలి. సెన్సర్లలో 4 నుంచి 20 మిల్లీయాంప్‌ల సిగ్నల్ కూడా ఇదే ఆలోచనతో వచ్చింది, సున్నా ప్రెషర్‌కి సున్నా కరెంట్ పెడితే వైరు తెగినా సున్నాయే చూపిస్తుంది, 4 దగ్గర మొదలుపెడితే సున్నా వచ్చిందంటే ప్రెషర్ లేదని కాదు, వైరు లేదని.

గుంటూరు వైపు చూస్తే ఇవన్నీ ఒక్క లైన్‌లో కలిపి చూపించే చోటు కారం ప్యాకింగ్. మెకానికల్ అంటే ఇనుమే అనుకునే పిల్లలకి మిరపకాయ మిల్లు గుర్తుకు రాదు. 500 గ్రాముల కారం ప్యాకెట్ నింపే స్క్రూ ఫిల్లర్ బరువుతో నింపదు, ఇన్ని చుట్లు తిరిగితే ఇంత కారం పడుద్దని పరిమాణంతో నింపుద్ది. కారంలో తేమ మారినా, నూరిన మెత్తదనం మారినా అదే చుట్లకి బరువు మారిపోద్ది. తక్కువ పడితే తూనికల కొలతల చట్టం, ఎక్కువ పడితే యజమాని జేబు. చెదురు 2 గ్రాములున్న మెషిన్‌లో ఏ ప్యాకెట్టూ దాదాపుగా 500 తగ్గకూడదంటే మూడు సిగ్మాలు పైకి జరిపి సగటు 506 దగ్గర పెట్టుకోవాలి. రోజుకి 10,000 ప్యాకెట్లు అనుకుంటే 60 కిలోల కారం ఉత్తినే వెళ్తుంది. చెదురుని 1 గ్రాముకి తగ్గించగలిగితే సగటు 503 చాలు, రోజుకి 30 కిలోలు మిగులు. ఫిల్లర్ తర్వాత లోడ్ సెల్ అనే బరువు సెన్సర్‌తో ప్రతి ప్యాకెట్ తూచే చెక్‌వేయర్ పెట్టి, ఆ బరువుల్ని పీఎల్‌సీకి ఇచ్చి, చుట్లు సర్దమని చెప్తే అది ఆటోమేషన్. అయితే ఆ ప్రోగ్రామ్ ఒక్కో ప్యాకెట్ తేడా చూసి చుట్లు మార్చేలా రాస్తే పైన చెప్పిన కొత్త ఆపరేటర్ తప్పే మెషిన్ కూడా చేస్తుంది, మనిషి కన్నా వేగంగా, పగలూ రాత్రీ చేస్తుంది. కొన్ని ప్యాకెట్ల సగటు తీసుకుని, గీత దాటితేనే కదలాలి. పీఎల్‌సీ రాసేవాడికి షూహార్ట్ ఎందుకు తెలియాలో దీనికన్నా తేలిక ఉదాహరణ దొరకదు. గుంటూరులో పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా కొనుక్కునే బదులు ఒక చిన్న మిల్లు ఓనర్‌ని అడిగి వంద ప్యాకెట్లు తూచి రాసుకుంటే అంతకన్నా మంచి ప్రాజెక్ట్ ఉండదు, ఖర్చు కూడా ఒక త్రాసే.

ఉద్యోగాల సంగతి కూడా తలుచుకోవాలి. ఇక్కడి పిల్లలు మల్లవల్లి, శ్రీసిటీ, పెనుకొండ, హైదరాబాద్, చెన్నై వైపు వెళ్తారు, మొదట్లో వచ్చే పని చాలామందికి సీఎన్‌సీ ఆపరేటర్‌గానో లైన్ ఇన్‌స్పెక్టర్‌గానో ఉంటుంది, షిఫ్టులు, నిలబడి పని. ఇంట్లోవాళ్లు ఇంజినీరింగ్ చదివి గేజ్ పట్టుకుని నిలబడతావా అంటారు, ఆ మాట వల్లే చాలామంది ఆరు నెలలకే తిరిగొచ్చి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరతారు. గో, నోగో గేజ్ పట్టుకుని పోద్దా పోదా చూడటం వరకే అయితే నిజంగానే అది ఎదుగుదల లేని పని. ఎందుకు పోవట్లేదో, నిన్న రాత్రి షిఫ్ట్ నుంచి సైజు ఎటు జరుగుతుందో చెప్పగలిగినవాడిని ఎవరూ ఎక్కువ రోజులు లైన్ మీదే ఉంచరు.

దీనికి కొత్త మెషిన్లు, కోట్ల ల్యాబ్‌లు రావాలని ఆగక్కర్లేదు, ఉన్న వాటిని ఒక వరసలో పెడితే చాలు. వర్క్‌షాప్ లేత్ మీద ఒక బ్యాచ్ పిల్లలు 20 మిల్లీమీటర్ల పిన్నులు యాభై తిప్పాలి, చేసిన వరసలోనే నంబర్ వేయాలి. ఆ పిన్నులే తర్వాతి సెమిస్టర్‌లో మెట్రాలజీ ల్యాబ్‌కి రావాలి. అక్కడ పది పిన్నులు తీసి ముగ్గురు పిల్లలు తలా మూడుసార్లు, ఒకరి రీడింగ్ ఒకరికి చూపించకుండా కొలవాలి, అప్పుడు పిన్నుల్లో తేడా ఎంత, కొలిచే చేతుల్లో తేడా ఎంత విడిగా తేలుద్ది. కంపెనీల్లో గేజ్ ఆర్ అండ్ ఆర్ అనేది ఇదే, కొలతలో వచ్చే చెదురు మొత్తంలో 10 శాతం లోపు ఉంటే మంచిది, 30 శాతం దాటితే ఆ కొలతని నమ్మరు. మొదటిసారి చేసినప్పుడు ల్యాబ్ మైక్రోమీటర్ 30 దాటడం మామూలే, మైక్రోమీటర్‌ని రాచెట్‌తో (ఒత్తిడి ఎక్కువ కాకుండా ఆపే చివరి పిడి) తిప్పకుండా నేరుగా థింబుల్ బిగించే పిల్లాడు ఎవరో కూడా ఆ టేబుల్‌లోనే బయటపడతాడు.

చివరికి ఆ యాభై రీడింగులు ఎస్‌క్యూసీ క్లాసుకి వెళ్లాలి, పుస్తకంలో లెక్క బదులు వాళ్లు చేసిన పిన్నుల మీదే చార్ట్ గీయాలి. అప్పుడు ఇరవై ఏడో పిన్ను దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేచి కనపడుద్ది, ఎవరో ఒకరికి గుర్తొస్తుంది, అక్కడే కదా టూల్ విరిగితే కొత్తది బిగించాం అని.